ఎవరికీ చెప్పనని మాటివ్వకు

గుంటూరు

ప్రియమైన బుజ్జమ్మకు,

ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాదే నిన్ను తొమ్మిదో తరగతికి క్లాస్ టీచరుగా వేశారని, పైగా పిల్లల బాగోగులు చూసే బాధ్యత కూడా హెడ్‌మిస్ట్రెస్ సిస్టర్ గారు నీకే అప్పజెప్పారని చదివి సంతోషించాను. వారానికొక నీతిబోధ పీరియడూ, నెలకొక ప్రార్థనా చాలవా, ఇంకేం చేయాలి అని అడిగావు. ఆ రెండూ జరగనీ. కానీ అసలు పని వాటిలో లేదు. కష్టం వస్తే బడిలో ఫలానా మనిషికి చెప్పుకోవచ్చన్న నమ్మకం నీ తరగతిలో ప్రతి బిడ్డకూ ఉండాలి. విన్న ఆ మనిషికి తర్వాత ఏం చేయాలో తెలిసి ఉండాలి. నేను రాసేదంతా ఈ రెండింటి గురించే.

హాజరుపట్టీతో మొదలుపెట్టు. పొద్దున్నే గబగబా పేర్లు పిలిచి పక్కన పడేసే పుస్తకం కాదది. నెలాఖరున తీరిగ్గా కూర్చుని ఒక్కొక్క పేరుకెదురుగా ఏ రోజులు ఖాళీ ఉన్నాయో చూడు. ఒకమ్మాయి ప్రతి నెలా రెండు మూడు రోజులు రాదు, ఒంట్లో బాగాలేదని చీటీ తెస్తుంది. మరుగుదొడ్డిలో నీళ్ళు వస్తున్నాయో లేదో, తలుపుకి గడియ ఉందో లేదో నువ్వే వెళ్ళి చూసి రా. చాలాసార్లు ఆ జబ్బు మూలం అక్కడే ఉంటుంది. ఫిబ్రవరిలో గుణదల తిరునాళ్ళకు వెళ్ళి రెండు రోజులు ఆలస్యంగా వచ్చేవాడి సంగతి వేరు, అమ్మానాన్నలతో మిరప కోతలకు పోయి వారాల తరబడి రానివాడి సంగతి వేరు. ఈ రెండోవాణ్ణి తిరిగొచ్చిన రోజున నిలబెట్టి తిడితే ఇక రాడు. పోయిన పాఠాలు ఎవరి నోట్సు చూసి రాసుకోవాలో చెప్పి కూర్చోబెట్టు. మొదటి పీరియడ్‌లోనే కునికిపాట్లు పడేవాడు తెల్లవారుజామున పాలప్యాకెట్లు వేసి వస్తున్నాడేమో కనుక్కో. అమ్మ కువైట్‌లో ఉండి అమ్మమ్మ దగ్గర పెరిగే పిల్ల కూడా ఉంటుంది. తల్లిదండ్రుల సమావేశానికి ఆ పెద్దావిడ వస్తే, ‘అమ్మను తీసుకురావాలి కదా’ అని అందరి ముందూ అనకు.

మీది బోర్డింగు ఉన్న కతోలిక బడి. ఆదివారం పూజ అయ్యాక తల్లిదండ్రులు క్యారియర్లు పట్టుకుని వస్తారు. ఎవరూ రాని పిల్లలు కొందరు ఆ పూటంతా ఎవరి కంటా పడకుండా తిరుగుతుంటారు. వాళ్ళెవరో వార్డెన్ సిస్టర్‌ను అడిగి తెలుసుకో. సోమవారం ఆ పిల్లలతో ఏదో ఒక వంకన రెండు మాటలు మాట్లాడు.

ఇటలీ ఫాదర్ డాన్ బాస్కో గారు 1884లో రోము నుంచి ట్యూరిన్‌లోని తన వాళ్ళకు రాసిన ఉత్తరం గురించి నువ్వు వినే ఉంటావు. మనం పిల్లల్ని ప్రేమిస్తే సరిపోదు, ఆ సంగతి వాళ్ళకు తెలియాలి అన్నది అందులోని సారం. జైలు చూసొచ్చిన కుర్రాళ్ళతో, దిక్కులేని కుర్రాళ్ళతో బతుకు గడిపినవాడి మాట కాబట్టి నాకు దానిమీద గురి. ఆటల వేళ గురువులు పిల్లల మధ్యనే ఉండాలని ఆయన పట్టుబట్టారు. నువ్వు కూడా లంచ్ బెల్లు కొట్టగానే స్టాఫ్‌రూమ్‌కి వెళ్ళిపోకు. వారంలో రెండు రోజులైనా వాళ్ళ పక్కన కూర్చుని తిను. ఎవరి బాక్సు తెరుచుకోవడం లేదో, నిన్నటిదాకా జంటగా తిరిగినవాళ్ళు ఇవాళ ఎందుకు విడిగా కూర్చున్నారో అక్కడే తెలుస్తుంది.

అలా దగ్గరైనప్పుడే ఏదో ఒక రోజు ఒక పిల్ల వచ్చి, ‘ఎవరికీ చెప్పనంటేనే చెబుతా టీచర్’ అంటుంది. మాటివ్వకు. ‘నీకు సాయం చేయగలిగినవాళ్ళకు తప్ప ఎవరికీ చెప్పను, వాళ్ళకు చెప్పేముందు నీతో అంటాను’ అను. పాపసంకీర్తనంలో విన్నదాన్ని ఫాదర్ గారు ప్రాణం పోయినా బయటపెట్టకూడదు, అది కతోలిక శ్రీసభ చట్టం. నువ్వు కూర్చున్నది ఆ పీట మీద కాదు. మన బడుల్లో మంచివాళ్ళే కొందరు ఈ రెంటినీ కలిపేసి, పిల్ల చెప్పుకున్న బాధను గుండెల్లో దాచుకుని రోజూ ప్రార్థన చేస్తారు. ఆ మౌనంవల్ల మేలు జరిగేది తప్పు చేసినవాడికి మాత్రమే. 18 ఏళ్ళు నిండని బిడ్డ మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరిగే ప్రమాదం ఉందని అనిపించినా పోలీసులకు తెలియజేయాలని 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ చెబుతుంది. తెలిసీ చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు శిక్ష పడొచ్చు. తన కింద పనిచేసేవాడి నేరాన్ని దాచిన సంస్థ అధిపతికి ఏడాది దాకా పడొచ్చు. హెడ్‌మిస్ట్రెస్ సిస్టర్‌కు వెంటనే చెప్పు. కాని ఆమెకు చెప్పడంతో నీ బాధ్యత తీరిపోదు.

వినేటప్పుడు గుచ్చి గుచ్చి అడగకు. ‘ఎందుకు అరవలేదు’, ‘ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు’ అన్న ప్రశ్నలు నీ నోట రానే రాకూడదు. నిన్ను నమ్ముతున్నాను, ఇందులో నీ తప్పేం లేదు అని చెప్పు. పిల్ల వెళ్ళగానే ఆమె అన్న మాటల్ని అన్నట్టుగానే రాసి, తేదీ, వేళ వేసి సంతకం పెట్టు. సిస్టర్ ముందొకసారి, కరస్పాండెంట్ ఫాదర్ ముందొకసారి, కమిటీ ముందొకసారి ఆ పిల్లచేత అదే కథ చెప్పించనివ్వకు. ఏం చేయాలో పాలుపోకపోతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యి, అది రాత్రీపగలూ పనిచేస్తుంది.

ఆ పిల్ల చెప్పే పేరు వ్యాను డ్రైవరుది కావచ్చు, స్టాఫ్‌రూమ్‌లో నీ పక్కన కూర్చునే సారుది కావచ్చు, ఫాదర్ల నివాసంలో ఉండే మనిషిదే కావచ్చు. చట్టానికి తేడా లేదు. శ్రీసభలోనూ ఫాదర్లు, మఠవాసులు ఇలాంటివి తెలిస్తే పైవారికి తెలియజేసి తీరాలని 2019లో పోప్ ఫ్రాన్సిస్ గారు నియమం పెట్టారు. అయినా బడి పరువు పోతుంది, విచారణ (పారిష్) పరువు పోతుంది, తల్లిదండ్రుల్ని పిలిచి మాట్లాడి సర్దేద్దాం అనే పెద్దమనుషులు నీకు ఎదురవుతారు. అలా సర్దేసిన ఒక సంగతి నాకు తెలుసు. ఆ పిల్ల టీసీ తీసుకుని వెళ్ళిపోయింది, ఆ మనిషి ఇంకో బడికి బదిలీ అయ్యాడు. అలాంటి సర్దుబాటు కాగితం మీద నువ్వు సంతకం పెట్టకూడదు బుజ్జమ్మా. ఆ కారణంగా ఉద్యోగం పోతే పోనీ, ఇంటికి వచ్చెయ్.

చచ్చిపోవాలని ఉందనే పిల్లలు కూడా తారసపడతారు, మార్కులొచ్చిన వారంలో మరీను. మాట దాటవేయకుండా సూటిగా అడుగు. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని చాలామంది భయపడతారు, అది నిజం కాదు. ఆ బిడ్డను ఒంటరిగా వదలకు, ఇంట్లోవాళ్ళను పిలిపించు, మానసిక సాయం అందించే టెలీ మానస్‌కు 14416 నంబరులో ఫోన్ చెయ్యి. నరకానికి పోతావని ఆ గడియలో బెదిరించేవాళ్ళను దూరంగా ఉంచు. తీవ్రమైన మానసిక వేదన మనిషి బాధ్యతను తగ్గిస్తుందని, అలా పోయినవారి రక్షణ గురించి నిరాశపడకూడదని 1992లో వెలువడిన శ్రీసభ సత్యోపదేశ గ్రంథంలోనే ఉంది. విశాఖపట్నంలో చదువుకుంటూ చనిపోయిన ఒక అమ్మాయి కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు, 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలోనూ అర్హత ఉన్న కౌన్సెలర్ ఉండాలంది. మార్కుల్ని బట్టి పిల్లల్ని విడదీయకూడదని, నలుగురిలో సిగ్గుపడేలా చేయకూడదని కూడా అంది. ర్యాంకుల జాబితా నోటీసు బోర్డుకెక్కించేటప్పుడు ఈ తీర్పును సిస్టర్ గారికి గుర్తుచెయ్యి.

బెత్తం గురించి ఎక్కువ రాయను, అది నీ చేతిలో ఉండదని తెలుసు. విద్యాహక్కు చట్టం మైనారిటీ బడులకు వర్తించదని 2014లో సుప్రీంకోర్టు అన్నమాట నిజమే. ఆ వంక పట్టుకుని, ఆ చట్టంలోని కొట్టకూడదన్న మాట మనకు లేదు కదా అనేవాళ్ళున్నారు. క్రీస్తు బొమ్మ గోడకు పెట్టుకున్న బడికి చట్టం కంటే ఎక్కువ మర్యాద ఉండాలని నేను నమ్ముతాను.

ఇంకొకటి, మన ప్రాంతంలో జాగ్రత్తగా చూసుకోవాల్సినది. మీ తరగతిలో కతోలికుల కంటే హిందూ, ముస్లిం పిల్లలే ఎక్కువ ఉంటారు. పెద్దల అనుమతి లేకుండా వాళ్ళను మతబోధకూ ఆరాధనకూ కూర్చోబెట్టకూడదని రాజ్యాంగం 28వ అధికరణం చెబుతోంది. ఇక మన విచారణ పిల్లల్లో చాలామందికి జ్ఞానస్నానం పేరొకటి, రికార్డులో పేరొకటి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వువల్ల క్రైస్తవులైన దళితులకు ఎస్సీ హోదా లేదు, బీసీ-సీలో చేరుస్తారు. ఇంటర్ తర్వాత సీటూ, స్కాలర్‌షిప్పూ ఆ ఒక్క కాగితం మీద ఆధారపడ్డప్పుడు ఏ కుటుంబం ఏ పేరు రాయించుకుందో మనం తీర్పు చెప్పేది కాదు. జ్ఞానోపదేశానికి ఎవరెవరు, నీతిబోధకు ఎవరెవరు అని తరగతిలో చేతులెత్తించకు. ‘గుడికి వస్తావుగా, రికార్డులో ఇలా ఉందేం’ అని ఒక్కసారి అడిగితే చాలు, ఆ బిడ్డ ఆ ఏడాదంతా నీతో పెదవి విప్పదు. అలాగే ఫీజు కట్టనివాళ్ళ పేర్లు అసెంబ్లీలో చదవమంటే, నేను వాళ్ళ ఇళ్ళకే ఫోన్ చేస్తాను సిస్టర్ అని మర్యాదగా చెప్పు.

పిల్లలకు నీ సొంత నంబరు ఇవ్వకు, రాత్రిళ్ళు మెసేజ్‌లు వద్దు. విన్న బాధ నీ నిద్ర చెడగొడితే నాకు ఫోన్ చెయ్యి. పేర్లు మాత్రం చెప్పకు.

సోమవారం బడికి వెళ్ళగానే సిస్టర్ గారిని మూడు సంగతులు అడుగు. కౌన్సెలర్ ఎవరు, ఏ రోజు వస్తారు? పిల్లలతో మాట్లాడటానికి అద్దం తలుపున్న గది ఏదైనా ఇస్తారా? ఫిర్యాదు వస్తే ఎవరు పోలీసులకు తెలియజేయాలో కాగితం మీద రాసి ఉందా? ఏమన్నారో రాయి. రాసి లేదంటే ముసాయిదా నేను తయారు చేసి పంపుతాను.

ప్రేమతో,
మీ పిన్ని