ఎనిమిది గుర్తుల భాష

ఛందస్సు నేర్చుకొను విద్యార్థులు మొట్టమొదట “యమాతారాజభానసలగం” అను సూత్రమును కంఠస్థము చేయుదురు. గురులఘువులను మూడేసి చొప్పున కూర్చినచో ఎనిమిది గణము లేర్పడును. వానిని వేర్వేరుగా వ్రాయుటకు 24 అక్షరములు కావలెను. ఈ సూత్రమున నున్నవి 10 అక్షరములే. ‘య’ మొదలుకొని మూడక్షరములు చదివిన యగణము, ‘మా’ మొదలుకొని చదివిన మగణము, ఇట్లే వరుసగా ఎనిమిదియు లభించును. నడుమనున్న అక్షరములు రెండు మూడు గణములకు పనిచేయుటచేతనే ఈ పొదుపు సాధ్యమైనది.

కొలది గుర్తులతో ఎక్కువ పని నెరవేర్చు ఈ నేర్పు కంప్యూటరు విద్యయందును కలదు. 1936వ సంవత్సరమున ఆంగ్ల గణితజ్ఞుడగు అలన్ ట్యూరింగ్ ఒక యంత్రమును ఊహించెను. గడులుగల పొడవైన పట్టీపై ఒక్కొక్క గడిని చూచుచు, వ్రాయుచు పోవుటయే దాని పని. 1964లో ఇటలీ దేశపు గణితజ్ఞుడు కొర్రాడో బోమ్, కొలది గుర్తులుండి, అందు ఒకటి ఆవృత్తికి, అనగా చేసినదానినే మరల చేయుటకు, తోడ్పడినచో ఎట్టి గణనమునైనను చేయవచ్చునని నిరూపించెను. 1993లో స్విట్జర్లాండు విద్యార్థియగు ఉర్బన్ ముల్లర్ ఎనిమిది గుర్తులు మాత్రమే గల భాషను కల్పించెను. మనుష్యుడు వ్రాసిన ఆజ్ఞలను యంత్రభాషలోనికి మార్చు సాధనమునకు కంపైలరని పేరు. ముల్లర్ తన భాషకు వ్రాసిన మొదటి కంపైలరు 296 బైట్లకు మించలేదు. ఈ భాష నిత్యవ్యవహారమునకు పుట్టినది కాదు. ఎంత స్వల్పముతో పని జరుగునో పరీక్షించుటకు పుట్టినది.

ఈ భాషలో యంత్రమునకు వరుసగా గడులుండును. ప్రతి గడియందును 0 మొదలు 255 వరకు ఏదో యొక సంఖ్య యిమిడియుండును. ఆరంభమున అన్నిటను సున్నయే. మొదటి గడిపై ఒక సూచి నిలిచియుండును. ‘+’ అనిన సూచి యున్న గడిలోని సంఖ్యకు 1 కలియును. ‘-’ అనిన 1 తగ్గును. ‘>’ సూచిని కుడికి, ‘<’ ఎడమకు జరుపును. ‘.’ గడిలోని సంఖ్యను బయటకు పంపును. ‘,’ బయటనుండి ఒక సంఖ్యను లోనికి తెచ్చును. ‘[’ గుర్తు ద్వారమునొద్ద కావలివాని వంటిది. గడిలో సున్న యున్నచో లోనికి పోనీయక ‘]’ దాటించును, లేనిచో లోనికి విడుచును. ‘]’ వద్దకు వచ్చినప్పుడు గడి సున్న కాకున్న లోపలి ఆజ్ఞలు మరల మొదటినుండి జరుగును.

నెల్లూరు మండలమున చెన్నై-హౌరా రైలుమార్గముపై కావలి పట్టణము కలదు. ఆ పట్టణపు పేరును ఈ భాషలో వ్రాయింపవలెనన్నచో ఏమి చేయవలెను? కంప్యూటరు అక్షరములను సంఖ్యలుగానే ఎరుగును. ప్రపంచ లిపుల కన్నిటికిని సంఖ్యలు నిర్ణయించిన యూనికోడు పద్ధతిలో 1991 నాటి తొలి రూపమునందే తెలుగు చేరినది. ఆ సంఖ్యలను బైట్లుగా వ్రాయుటకు 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ అనువారు యూటీఎఫ్-8 అను విధానమును రచించిరి. దానియందు ప్రతి తెలుగు గుర్తుకును మూడు సంఖ్యలు కావలెను. ‘కావలి’ కంటికి మూడక్షరములే యైనను, కంప్యూటరునకు క, దీర్ఘము, వ, ల, గుడి అను ఐదు గుర్తులు. అనగా 15 సంఖ్యలు.

ఆలోచింపక వ్రాయువాడు 15 గడులు తీసికొని ఒక్కొక్కదానిని ‘+’ గుర్తులతో నింపును. అట్లు వ్రాసిన ప్రోగ్రాము 2,918 గుర్తుల పొడవగును.

ఇప్పుడు ఆ సంఖ్యలను పరికింపవలెను. ఐదు గుర్తులకును మొదటి రెండు సంఖ్యలు 224, 176 అనునవే. మూడవది మాత్రము వరుసగా 149, 190, 181, 178, 191. కావున మూడు గడులే చాలును. మొదటి రెంటిని కదల్పక మూడవదానిని సవరించుచు పోవచ్చును. ఈ ఒక్క పరిశీలనచే పొడవు 648కి దిగును.

మరియొక విశేషము: 224 అనగా 16 పదునాలుగులు; 176 అనగా 16 పదకొండ్లు; 149 అనగా 16 తొమ్మిదులును ఒక 5. ఒక గడిలో 16 ఉంచి, ఆవృత్తిచే 14, 11, 9 చొప్పున 16 మారులు కూడిన పొడవు 164 అగును. ఎక్కములు నేర్చిన బాలుడు కూడికల శ్రమను తప్పించుకొనుట ఇట్టిదే.

గడియారపు ముల్లు 12 మీద నున్నపుడు దానిని 10కి తేవలెనన్న, ముందుకు 10 గంటలు త్రిప్పుటకంటె వెనుకకు 2 గంటలు త్రిప్పుట సులభము. ఈ గడులును అట్టివే. సున్నలోనుండి 1 తీసిన 255 అగును. కావున 14 కూడుటకు మారుగా 2, పదకొండునకు మారుగా 5, తొమ్మిదికి మారుగా 7 తీసివేసిన ఫలమొక్కటే. పొడవు 144 అగును. అయితే 255 తరువాత మరల సున్నకు తిరుగు గడులున్న యంత్రమునందే ఈ ఉపాయము చెల్లును.

చివరి ఉపాయము. 149 నుండి 190కి పోవుటకు 41 ‘+’ గుర్తులు కావలెను. నాలుగవ గడిని చేర్చి, దానిలో ఆవృత్తి ద్వారా 192 సిద్ధపరచిన, అందుండి 2 తీసిన చాలును. గడి యొకటి పెరిగినను ప్రోగ్రాము 118 గుర్తులకు తగ్గును:

++++++++++++++++[>-->----->------->----<<<<-]>.>.>+++++.<<.>.>>--.<<<.>.>>---------.<<<.>.>>---.<<<.>.>>+++++++++++++.

2,918 గుర్తుల పని 118 గుర్తులతో ముగిసినది. ఇందు తొలగినది పునరుక్తియే గాని అర్థము కాదు. ఇట్టి పొదుపు వినోదమాత్రము కాదు. 1969లో మనుష్యులను చంద్రునిపైకి చేర్చిన అపోలో నౌక కంప్యూటరునందు వ్రాసి చెరుపదగిన స్మృతి 2,048 పదములకు మించి లేదు. అక్కడ వ్యర్థముగా వ్రాయుటకు చోటు లేదు.

అయినను సంక్షేపమునకు వెల కలదు. పై ప్రోగ్రామున ఆవృత్తియందలి ఏడు ‘-’ గుర్తులలో ఒకటి జారిపోయిన, ఆ లోపము 16 మారులు జరిగి, 149 రావలసినచోట 165 వచ్చును. అది ‘థ’ యొక్క సంఖ్య. అప్పుడు ‘కావలి’ పోయి ‘థావలి’ యగును. ఆ తప్పు ఎచ్చట నున్నదో గుర్తులను చూచినంతమాత్రమున తెలియదు. వ్రాసినవాడే కొన్ని దినములు గడచిన పిమ్మట చదువుకొనలేకపోవచ్చును. అందుచేతనే పదిమంది కలిసి చేయవలసిన పనులకు ప్రోగ్రాములు వ్రాయువారు చదువదగిన భాషలనే గ్రహించి, ప్రతి భాగమునకును వివరణము చేర్చుదురు. సూత్రమునకు వ్యాఖ్యానము వలెనే ఇదియు నవసరము.

సంక్షిప్తముగా వ్రాయుట యనగా గుర్తులను కత్తిరించుట కాదు. విషయమునందలి పోలికలను కనుగొని, ఒకమారు చెప్పినదానిని రెండవమారు చెప్పకుండుట. ఆ పోలికలను కనుగొన్నవానికి ఎనిమిది గుర్తులే చాలును. 118 అను సంఖ్యయు తుదిమెట్టు కానక్కరలేదు; కాగితము, కలము ఉన్న విద్యార్థి దానిని ఇంకను తగ్గించుటకు ప్రయత్నింపవచ్చును.

ప్రశ్నలు

1. గణసూత్రమునకును, పై ప్రోగ్రామునకును గల పోలికను తెలుపుము.

2. ఆవృత్తియందు ఒక గుర్తు జారిపోయిన కలుగు ఫలమేమి? ఏల?

3. ‘నెల్లూరు’ అను పేరులో న, ల, ర లకు రెండవ సంఖ్య 176. ఎత్వము, పొల్లు, కొమ్ములకు 177. ఈ పేరు వ్రాయింపవలెనన్న రెండవ గడిని ఎప్పుడెప్పుడు మార్చవలెను?