గాలితో కారుడు పరీక్ష

ఉప్పల్, నాచారము, పోచారము పారిశ్రామిక వాడలలో ఒత్తిడికి లోనగు పాత్రలెన్నియో వాడుకలో నున్నవి. వీని యతుకులలో సూదిమొన యంత రంధ్రమున్నను అపాయమే. దానిని కనుగొనుటకు పాత్రలో గాలి నింపి, అతుకులపై సబ్బునీరు పూయుదురు. చిన్న పాత్రయైనచో నీట ముంచుదురు. బుడగలు లేచిన తావే కారు తావు. సైకిలు ట్యూబునకు పంక్చరు చూచు పద్ధతియే యిది.

అయితే కారుడు పరీక్ష వేఱు, బలపరీక్ష వేఱు. గ్రామములలో పలువురీ భేదము నెఱుగరు. బలము చూచుటకు నీరే తగినది. నీరు నొక్కినను అణగదు. పాత్ర చీలినచో కొంచెము చిమ్మును, ఒత్తిడి తక్షణమే పడిపోవును. గాలి స్ప్రింగువలె అణగియుండి, దారి దొరకగానే విజృంభించును. నూఱు లీటర్ల ట్యాంకులో చదరపు సెంటీమీటరునకు 7 కిలోల ఒత్తిడితో గాలి నింపితి మనుకొనుడు. అందు దాగిన శక్తి నూఱు కిలోల బస్తాను సుమారు 90 మీటర్ల యెత్తునకు లేపగలదు. అదే ఒత్తిడిలో నున్న నీటి శక్తి యొక కిలో బరువును ఒక మీటరు లేపుటకు మాత్రము చాలును.

కావుననే వంటగ్యాసు సిలిండరును చేయునపుడు మొదట 25 కిలోల నీటి ఒత్తిడిచే బలమును చూచి, పిమ్మటనే 12 కిలోల గాలి నింపి నీట ముంచుదురు. లోపల తడి తగులరాని పెద్ద పాత్రలకు గాలితోనే బలపరీక్ష చేయక తప్పనపుడు, ఒత్తిడిని ముందు సగము వఱకును, ఆపై పదియవ వంతు చొప్పునను మెల్లగా పెంచుదురు. అంతవఱకు మనుష్యులు దూరముగా నుందురు. ఒత్తిడి తగ్గించిన పిదపనే సబ్బునీటితో దగ్గఱకు పోవుదురు.

మన యూళ్లలోనో, తుప్పుపట్టిన కంప్రెసరు ట్యాంకునకు వెల్డింగు వేయించి, ఆ క్షణముననే నిండుగా గాలి కొట్టి, చెవి యానించి వినువారు కలరు! ఇంతకంటె దుస్సాహసము నేనెఱుగను. బోరుబావి నుండి వేసిన ప్లాస్టికు గొట్టములనుగూడ గాలితో పరీక్షింపరాదు. అవి పగిలినచో ముక్కలు ఎగిరి తగులును. నీరు నింపి, లోని గాలిని బయటికి పోనిచ్చి చూడవలయును.

ఇంటికి వచ్చు సిలిండరు పై పట్టీలపై ఏ, బి, సి, డి లలో నొక యక్షరమును, సంవత్సరపు చివరి రెండంకెలును ఉండును. ఏ మార్చి, బి జూను, సి సెప్టెంబరు, డి డిసెంబరు. ‘సి 27’ అనగా 2027 సెప్టెంబరు నాటికి మఱల పరీక్ష జరుగవలె నని యర్థము. గడువు దాటినదానిని తెచ్చినవానికే తిరిగి యీయుడు.