మందు డబ్బాను కూడ ఆసుపత్రికి పంపుడు

మందు చల్లుచు ఎవరైన పడిపోయినచో 108కి ఫోను చేయుచున్నారు, మంచిదే. కాని రోగి వెంట మందు డబ్బాను పంపుచున్నారా? 'ఏదో గడ్డి మందు' అన్నచో వైద్యునికి చాలదు. క్లోరిపైరిఫాస్ విషమునకు అట్రోపిన్ విరుగుడు. పారాక్వాట్‌కు విరుగుడే లేదు. పైగా అవసరము లేకుండ ఆక్సిజన్ ఇచ్చినచో ఊపిరితిత్తులు మరింత చెడును.

సందేహము కలిగిన వైద్యుడు ఢిల్లీ ఎయిమ్స్‌లో 1995లో ఏర్పడిన జాతీయ విష సమాచార కేంద్రమును రేయింబవళ్లు ఫోనులో సంప్రదింపవచ్చును. నంబరు 1800 116 117. మందు పేరే తెలియనిచో అంత దూరమునుండి వారు మాత్రమేమి చెప్పగలరు?

కావున డబ్బాపై చీటీని చింపవద్దు. మందును సారా సీసాలలో పోయవద్దు. ఈ అలవాటు ఇంకను పోలేదు. బండి వచ్చులోగా తడిసిన బట్టలు విప్పి, ఒంటిని సబ్బునీటితో కడుగుడు. వాంతి చేయింపవద్దు. డబ్బా దొరకనిచో దుకాణపు రసీదునైన పంపుడు.