టర్బో ఇంజనునకు కనెక్టింగ్ రాడ్లు

ఇంజనులో పిస్టను పైకిని క్రిందికిని మాత్రమే కదలఁగలదు. దాని బలమును క్రాంకుషాఫ్టున కందించి తిరుగునట్లు చేయునది కనెక్టింగ్ రాడ్డు. ఇది విఱిగెనేని ఒక్కొక్కప్పుడు సిలిండరు దిమ్మెను చీల్చుకొని వెలుపలికి వచ్చును. అంతటితో ఇంజను యావత్తును చెడును. కావున టర్బోచార్జరు తగిలింపఁ దలఁచువారు కర్మాగారపు రాడ్లనే యుంచవలయునా, వేఱుగ నమ్మెడి దృఢతరములైన రాడ్లను కొనవలయునా యని ముందే విచారింపవలయును.

ఇంత అశ్వశక్తి దాఁటినచో రాడ్లు మార్చుమని చెప్పువారు పెక్కండ్రు. ఈ లెక్క మాకు చాలదని తోఁచుచున్నది. ఏలయన రాడ్డునకు బాధలు రెండు: త్రోపుడు, లాగుడు.

త్రోపుడు వాయుపీడనమువలనఁ గలుగును. 1994లో మాజ్డా వారి మియాటా కారునకు వచ్చిన 1.8 లీటర్ల ఇంజనును జూడుఁడు. దాని సిలిండరు వ్యాసము 83 మిల్లీమీటర్లు. అనఁగా పిస్టను తల వైశాల్యము 54 చదరపు సెంటీమీటర్లు. ఒక్కొక్క చదరపు సెంటీమీటరుపై 60 కిలోల పీడనమున్నయెడల రాడ్డుపైఁ బడు భారము సుమారు 3,200 కిలోలు. 80 కిలోలైనచో 4,300. టర్బో పెంచునది దీనినే. ఇంజను మెల్లగఁ దిరుగుచుండఁగా టర్బో నిండుగ నూఁదినపుడు, సన్నని వాసముపై బరువు మోపినట్లు రాడ్డు వంగును. ఇంధనము అకాలమున ప్రేలి ‘నాక్’ పుట్టెనా, అపాయము మఱింత హెచ్చును.

లాగుడు వేఱు. వాడిన వాయువును వెడలఁద్రోసి పైకి వచ్చిన పిస్టనును ఆఁపి మరలఁ గ్రిందికి లాగవలసినది రాడ్డు, దాని బోల్టులును. ఆ క్షణమున పీడనము సాయపడదు. ఈ బలము వేగముయొక్క వర్గము ననుసరించును: నిమిషమునకు 6,000 చుట్లనుండి 7,000లకుఁ బోయిన 36 పాళ్లు నూటికి హెచ్చును. దీనిలో టర్బోకుఁ బాలు లేదు.

1989లో వెలువడిన మియాటాకు కర్మాగారమున టర్బో లేదు. తరువాత టర్బో తగిలించుకొన్నవారి రాడ్లు వంగుట పలుమాఱు జరిగినది. 1993 నాఁటి టయోటా సుప్రాలోని 2జేజెడ్-జీటీఈ ఇంజను టర్బోకొఱకే కట్టఁబడినది; దాని సొంత రాడ్లు కర్మాగారపు శక్తికి మించి చాల మోసినవి. కావున ‘కర్మాగారపు రాడ్డు’ అను పేరునుబట్టియే బలహీనమని త్రోసివేయరాదు.

పీడనము స్వల్పముగ పెంచి, వేగము పెంపక, నాక్ రాకుండ జ్వలనకాలమును దిద్దుకొనువారికి పాతవే చాలును. పిస్టన్ల కొఱకు ఇంజను నెటులైనను విప్పవలసియున్నచో, కూలి యొక్కటే గనుక రాడ్లు మార్చుటయే మేలు. నికెలు, క్రోమియము, మాలిబ్డినము గల 4340 ఉక్కు రాడ్లు దొరకును. అయినను అవి నాక్‌ను మాన్పవు; రాడ్డు నిలిచి పిస్టను పగులును.

కొన్నవానిని తూఁచి, బరువులు సరిచూచుకొనవలయును. బోల్టులను తయారీదారు చెప్పిన సాగుడు కొలఁతవఱకు బిగింపవలయును. విప్పిన పిమ్మట ఏ బోల్టు మొదటి పొడవునకు రాక సాగియే యుండునో, దానిని మరల వాడరాదు.