మరక పోయింది, మెత్తా పోయింది

మా పిఠాపురం దగ్గరే ఉప్పాడ. అక్కడ మా మావయ్య ఫైబర్ బోటులో ఇంజన్ పక్కన కూర్చునే రెగ్జిన్ మెత్త మీద నల్లటి బూజు మరకలు. "నేను చూసుకుంటాలే మావయ్యా" అని థిన్నర్‌తో రుద్దాను. మరక పోయింది. నెల తిరిగేసరికి మెత్త అట్టలా బిగిసి పగిలిపోయింది.

కారణం మన కెమిస్ట్రీలోనే ఉంది. రెగ్జిన్ పైపొర పీవీసీ. అది స్వతహాగా గట్టిది. దానికి మెత్తదనం ఇచ్చేది ప్లాస్టిసైజర్. థిన్నర్ దాన్నే లాగేస్తుంది.

అందుకే ముందు మంచినీళ్లతో ఉప్పు కడిగేయండి. తర్వాత సబ్బునీళ్లు, మెత్తటి బ్రష్. మొండి మరకకి వంటసోడా ముద్ద 10 నిమిషాలు ఉంచి, కడిగి, నీడలో బాగా ఆరబెట్టండి. తడి ఉంటే బూజు మళ్లీ వస్తుంది. బ్లీచింగ్ పౌడర్‌లో వెనిగర్ మాత్రం కలపొద్దు, క్లోరిన్ వాయువు వస్తుంది. అప్పటికీ పోని మరకని వదిలేయండి.

మావయ్య నన్ను ఒక్క మాటా అనలేదు. అదే ఎక్కువ బాధ.