ఓడ నెక్కని పాదిరిగారు

చదువవలసిన భాగము: మొదటి రాజులు 4:29-34

సొలొమోను జ్ఞానమును వర్ణించు ఈ భాగములో పక్షులు, ప్రాకెడి పురుగులు, చేపలు కూడ చేర్చబడినవి. మనలో అనేకులము ఆ మాటను త్వరగా దాటిపోదుము. దాటిపోని యొక పాదిరిగారిని గూర్చి ఈ నెల తెలిసికొందము.

లెనార్డ్ జెనిన్స్ గారు 1800లో లండనులో జన్మించిరి. ఈటన్ పాఠశాలలో నున్నప్పుడు గిల్బర్ట్ వైట్ అను మరియొక పల్లె బోధకుడు సెల్బోర్న్ గ్రామపు పక్షులను, జంతువులను గూర్చి వ్రాసిన పుస్తకము వీరి చేతికి వచ్చెను. అది మరల దొరకదేమోనను భయముతో ఆ బాలుడు దాదాపు పుస్తకమంతయు చేతితో వ్రాసికొనెను! (1843లో ఆ పుస్తకమునకే వీరు సంపాదకులై క్రొత్త ముద్రణ వెలువరించిరి.)

1823లో అభిషేకము పొంది, కేంబ్రిడ్జి దగ్గరనున్న స్వాఫమ్ బుల్బెక్ గ్రామ సంఘములో పని ప్రారంభించిరి. సమీపమున చిత్తడి నేలలు. వాటినిండ పెంకుపురుగులు, నీటి పక్షులు. ఆ నేలలలో వీరితో కలిసి పురుగులు పట్టిన విద్యార్థి చార్లెస్ డార్విన్. మొదట పాదిరిగారి ముఖము కఠినముగా తోచి నచ్చలేదట. తరువాత వారెంత దయగలవారో తెలిసెనని డార్వినే వ్రాసెను.

1831లో బీగిల్ ఓడపై ప్రకృతి పరిశోధకునిగా వెళ్లు అవకాశము జెనిన్స్ గారికి వచ్చెను. పక్షులను, పురుగులను ప్రేమించువానికి ఇంతకంటె ఏమి కావలెను? బట్టలు కూడ సర్దుకొనిరట. కాని తమకప్పగింపబడిన సంఘములను విడుచుట న్యాయము కాదని మానుకొనిరి. 22 ఏండ్ల డార్విన్ వెళ్లెను. ఆ ప్రయాణము దాదాపు అయిదేండ్లు సాగెను. డార్విన్ పేరు లోకమంతటికి తెలిసెను. పాదిరిగారి పేరు నేడు ఎందరికి తెలియును?

అయినను వారి పరిశోధన ఆగలేదు. 1835లో బ్రిటను దేశపు వెన్నెముకగల జంతువులపై గ్రంథము ప్రచురించిరి. డార్విన్ తెచ్చిన చేపలను పరీక్షించి వర్ణించు పని కూడ వీరిదే అయ్యెను. 1840-42 మధ్య ఆ గ్రంథము భాగములుగా వెలువడెను. దూరసముద్రపు చేపలను పల్లె పాదిరి తన ఊరిలోనుండియే వర్ణించెను!

1859లో డార్విన్ సిద్ధాంత గ్రంథము వచ్చినప్పుడు జెనిన్స్ గారు దానిని చదివి, కొంతవరకు ఒప్పుకొని, మనుష్యుని విషయములో మాత్రము ఒప్పుకొనలేక, ఆ మాటను స్నేహితునికే దాపరికము లేకుండ వ్రాసిరి. స్నేహము చెడలేదు.

భార్య అనారోగ్యమువలన 1849లోనే ఆ గ్రామమును విడిచి బాత్ ప్రాంతమునకు వెళ్లిరి. అక్కడ 1855లో ప్రకృతి పరిశీలకుల సంఘమొకటి స్థాపించి, 1893లో, 93వ ఏట, బాత్‌లోనే కన్నుమూసిరి.