ఎప్పటినుండి?

వాక్యభాగములు: మార్కు 9:14–29, 2 రాజులు 20:1–7



ఒక తండ్రి బాధపడుచున్న తన కుమారుని ప్రభువునొద్దకు తెచ్చెను. చుట్టును జనులు, శాస్త్రులు వాదించుచుండిరి. ప్రభువు బాలుని స్వస్థపరచుటకు ముందు, ఇది ఎప్పటినుండి జరుగుచున్నదని తండ్రినే అడిగెను. అల్లరిచేయు ప్రతి బిడ్డకును దయ్యమును అంటగట్టుటకు ఈ భాగమును చూపువారు కలరు. అది తగదు. ఆ ప్రశ్నను మాత్రము మన యింటికి తెచ్చుకొందము.

రేపల్లె దగ్గర పల్లెలో ఒక తల్లి యున్నదనుకొనుడి. ఎనిమిదేండ్ల కుమారుడు బడిలో ఒక్కచోట కూర్చుండడు. చెప్పిన పని సగములో విడిచి కాలువగట్టున పరుగెత్తును. గారాబమని అత్తగారు, దెబ్బలు చాలలేదని పంతులుగారు, తాయెత్తు కట్టుమని పొరుగువారు. ఆమె ఎవరి మాట వినవలెను?

వైద్యులును ప్రభువు అడిగిన ప్రశ్ననే అడుగుదురు. ఎ.డి.హెచ్.డి. అని నిర్ణయించుటకు లక్షణములు 12 ఏండ్లలోపు మొదలై, 6 నెలలైనను నిలిచి, ఇంటను బడిలోను, అనగా రెండు చోట్లనైనను కనబడవలెను. దీనిని తేల్చు రక్తపరీక్ష లేదు, స్కానింగు లేదు. కనుక చెవి వినబడుచున్నదా, చూపు సరిగానున్నదా, నిద్ర చాలుచున్నదా, మూర్ఛ యున్నదా అని ముందు చూడవలెను. సరిగా వినబడని బిడ్డ మొండివాడని పేరు తెచ్చుకొనుట కద్దు.

తెనాలి, బాపట్ల, రేపల్లెలనుండి గుంటూరు ప్రభుత్వాసుపత్రి మానసిక వైద్య విభాగమునకు పోవుటకు ఒక దినపు కూలి పోవును. అందుచేత ముందుగా రెండు వారములు బిడ్డ నడత నోటుపుస్తకములో వ్రాయుడి. పంతులుగారిచేతను రెండు ముక్కలు వ్రాయించుడి. 2022లో ప్రారంభమైన టెలిమానస్ సంఖ్య 14416కు ఉచితముగా ఫోను చేసి, తెలుగులోనే అడుగవచ్చును.

ఇక మందు సంగతి. 1937లో అమెరికా వైద్యుడు చార్లెస్ బ్రాడ్లీ, ఉత్సాహము పుట్టించు మందు కొందరు చంచలులైన పిల్లలను కుదుటపరచుట గమనించెను. వింతయే గాని నిజము. నేడు ఎక్కువగా ఇచ్చునది మిథైల్‌ఫెనిడేట్. అది బిడ్డను నిద్రపుచ్చు మందు కాదు. కొన్ని గంటలు మనస్సు నిలుపుటకు తోడ్పడును, జబ్బును తుడిచివేయదు. ఆకలి తగ్గవచ్చును, నిద్ర చెడవచ్చును. కనుక బరువు, ఎత్తు, నాడి, రక్తపుపోటు చూపించుచుండవలెను. ఆరేండ్లలోపు పిల్లలకు ముందు మందు కాదు, తలిదండ్రులకు శిక్షణ. పెద్దపిల్లలలోను అందరికి మందు అక్కరలేదు. డాక్టరును అడుగుటకు జంకకుడి: ఎందుకు, ఎంతకాలము, ఎప్పుడు మాన్పించెదరు?

మందు వాడిన విశ్వాసము తగ్గినట్లా? హిజ్కియా కన్నీళ్లతో ప్రార్థించెను, దేవుడు ఆలకించెను. అయినను పుండుమీద అంజూరపుపండ్ల ముద్ద వేసిరి. ప్రార్థనయా, మందా అను బేరము అక్కడ లేదు.

వచ్చే ఆదివారము ఆ బాలుడు ఆరాధనలో లేచి తిరిగినయెడల, తల్లివైపు గ్రుడ్లురిమి చూడకుడి. కానుకసంచి పట్టుకొనుటకు వానిని పిలువుడి.